చలికి జంకే లిథియం

పాఠ్యభాగ సందర్భం

విద్యుత్తును నిలువ చేసుకొనే విద్య మానవుడు సాధించిన గొప్ప విజయాలలో ఒకటి. చేతిలోని సెల్‌ఫోను మొదలుకొని నీటిలో సాగే పడవ వరకు నేడు ఎన్నో సాధనాలు లిథియం బ్యాటరీపై ఆధారపడి పనిచేస్తున్నాయి. అయితే ఏ సాధనమైనా దాని స్వభావం ఎరిగినవారికే పూర్తిగా ఉపకరిస్తుంది. పడవ ఇంజనుతోపాటు తిరిగే ఆల్టర్నేటర్ నుంచి లిథియం బ్యాటరీకి ఛార్జి ఎక్కించేటప్పుడు, ముఖ్యంగా శీతల ప్రదేశాలలో, కలిగే ప్రమాదమేమిటో, దానిని నివారించే మార్గాలేవో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

నల్లగొండ జిల్లాలోని కట్టంగూర్ 65వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. హైదరాబాదు, విజయవాడల మధ్య రాత్రింబవళ్ళు తిరిగే లారీలు, బస్సులు ఆ దారినే సాగిపోతాయి. ఇటువంటి రహదారుల వెంట వాహనాల విద్యుత్ మరమ్మతులు చేసే దుకాణాలు కనిపిస్తాయి. ఆ వృత్తిలో ఉన్నవారందరికీ చిరకాలంగా తెలిసిన సూత్రం ఒకటి ఉంది. ఇంజను తిరుగుతున్నంత సేపు ఆల్టర్నేటర్ బ్యాటరీని నింపుతూనే ఉంటుంది. బ్యాటరీ తనకు కావలసినంత పుచ్చుకొని, నిండిన తరువాత తానే తగ్గించుకొంటుంది. మధ్యలో ఎవరూ కలుగజేసుకోవలసిన పని లేదు.

యాసిడ్ బ్యాటరీ విషయంలో ఈ సూత్రం చక్కగా చెల్లుతుంది. అదే స్థానంలో లిథియం బ్యాటరీని ఉంచినప్పుడు మాత్రం ఇది చెల్లదు. పైగా చలి తోడైతే ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మినవారి బ్యాటరీ శాశ్వతంగా పాడవుతుంది. లిథియం బ్యాటరీ గడ్డకట్టే చలిలో కూడా విద్యుత్తును ఇవ్వగలదు, కాని పుచ్చుకోలేదు. ఈ ఒక్క విషయాన్ని గ్రహిస్తే మిగిలినదంతా సులభంగా బోధపడుతుంది.

నీరు గడ్డకట్టే చలి నల్లగొండ సీమకు తెలియదు. ఇక్కడి నాగార్జునసాగర్ జలాశయంలో నాగార్జునకొండకు లాంచీపై వెళ్ళే యాత్రికులు చలికాలపు ఉదయాన శాలువా కప్పుకొంటే సరిపోతుంది. అటువంటప్పుడు ఈ ప్రాంతపు విద్యార్థికి ఈ విషయంతో పని ఏమిటనే సందేహం కలగవచ్చు. దానికి సమాధానాలు రెండున్నాయి.

మొదటిది, ఈ ప్రాంతం నుంచి చలి సీమలకు వెళ్ళేవారు ఉన్నారు. పూర్వపు నల్లగొండ జిల్లాలో భాగమైన సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్‌బాబు 2020 జూన్ 15న లడఖ్‌లోని గల్వాన్ లోయలో వీరమరణం పొందారు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర పురస్కారం లభించింది. అదే లడఖ్‌లో సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్లకు పైబడిన ఎత్తున పాంగాంగ్ సరస్సు ఉంది. దాని నీరు ఉప్పగా ఉన్నప్పటికీ శీతకాలంలో గడ్డకట్టిపోతుంది. అటువంటి ఎత్తైన ప్రదేశాలలోని విశాల జలాశయాలతో సహా పెద్ద జలాశయాలపై నిఘా కోసం 12 వేగవంతమైన గస్తీ పడవలను నిర్మించే ఒప్పందాన్ని భారత సైన్యం 2021 జనవరిలో గోవా షిప్‌యార్డుతో కుదుర్చుకొంది. ఆ ఎత్తున పడవకు గాని, వాహనానికి గాని, గుడారానికి గాని అమర్చే ఏ బ్యాటరీ అయినా చలిబారిన పడక తప్పదు.

రెండవది, లిథియం బ్యాటరీల తయారీ ఈ ప్రాంతానికే వచ్చింది. మహబూబ్‌నగర్ సమీపంలోని దివిటిపల్లి వద్ద కర్మాగారాల స్థాపనకు అమరరాజా సంస్థ 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొంది. 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. పదేళ్ళలో 9,500 కోట్ల రూపాయలు వెచ్చించాలన్నది ఆ ఒప్పందంలోని లక్ష్యం. దక్షిణ తెలంగాణ యువత రేపు తయారుచేయబోయే బ్యాటరీ ఎక్కడి పడవలోనికి చేరుతుందో ఎవరూ చెప్పలేరు. కనుక దాని స్వభావాన్ని తెలుసుకోవడం వారికి అవసరం.

లిథియం లోహాలన్నింటిలో తేలికైనది. నీటి బరువులో ఇంచుమించు సగం బరువు మాత్రమే ఉంటుంది. దీనిని 1817లో స్వీడన్ దేశంలో కనుగొన్నారు. లిథియం అయాన్ బ్యాటరీ మాత్రం 1991లో గాని మార్కెట్లోకి రాలేదు. ఈ బ్యాటరీని రూపుదిద్దినందుకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 సంవత్సరాలు. నేడు పడవలలో విరివిగా వాడుతున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం కూడా ఆయన ప్రయోగశాలలోనే పుట్టింది. దానిని లోకానికి తెలిపిన 1997 నాటి పరిశోధన పత్రంలో ఆయనతోపాటు పాఢి, నంజుండస్వామి అనే భారతీయ పరిశోధకుల పేర్లు కూడా ఉండడం మనకు గర్వకారణం.

ఈ బ్యాటరీ లోపల రెండు ధ్రువాలు, వాటి మధ్య విద్యుద్విశ్లేష్యం అనే ద్రవం ఉంటాయి. రుణ ధ్రువం గ్రాఫైటుతో తయారవుతుంది. పెన్సిలు ములుకులో ఉండేది ఈ పదార్థమే. పుస్తకంలో పుటలు ఉన్నట్లు గ్రాఫైటులో పలుచని పొరలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఉంటాయి. ఛార్జి ఎక్కించేటప్పుడు లిథియం అయానులు ధన ధ్రువం నుంచి బయలుదేరి, ద్రవాన్ని దాటి, ఈ పొరల సందుల్లోకి ప్రవేశించి కుదురుకొంటాయి. విద్యుత్తును వాడుకొనేటప్పుడు అవే అయానులు పొరలలో నుంచి వెలుపలికి వచ్చి తిరుగు ప్రయాణం చేస్తాయి. ఈ రాకపోకలు వేల పర్యాయాలు జరిగినా బ్యాటరీ చెక్కుచెదరకుండా ఉండడమే దీని ప్రత్యేకత.

ఉష్ణోగ్రత తగ్గినకొద్దీ అయానుల నడక మందగిస్తుంది. సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన అవి గ్రాఫైటు పొరలలోకి త్వరగా చొరబడలేవు. బయటి నుంచి ఛార్జరు మాత్రం వాటిని తరుముతూనే ఉంటుంది. లోపలికి పోయే దారి దొరకని అయానులు గ్రాఫైటు ఉపరితలం మీదనే ఆగిపోయి లోహపు పూతగా పేరుకొంటాయి. ఇలా లోహంగా మారిన లిథియంలో కొంత భాగం మళ్ళీ పనికిరాదు. బ్యాటరీ సామర్థ్యం ఆ మేరకు శాశ్వతంగా తగ్గిపోతుంది. అంతేకాక ఆ లోహం ఒక్కొక్కసారి సూదిమొనల వలె పెరిగి, రెండు ధ్రువాలను వేరుచేసే పలుచని తెరను చీల్చవచ్చు. అప్పుడు బ్యాటరీ లోపలనే షార్ట్ సర్క్యూట్ ఏర్పడి, వేడి పుట్టి, ప్రమాదానికి దారితీస్తుంది.

ఇందులో గమనించదగిన విషయం మరొకటి ఉంది. ఈ నష్టం జరుగుతున్నప్పుడు కంటికి ఏమీ కనిపించదు, చెవికి ఏమీ వినిపించదు. మీటరు మామూలుగా ఛార్జి ఎక్కుతున్నట్లే చూపుతుంది. పడవలో దీపాలు వెలుగుతాయి, రేడియో పలుకుతుంది. కొన్ని నెలల తరువాత బ్యాటరీ శక్తి క్షీణించినట్లు బయటపడేసరికి చేయగలిగింది ఏమీ ఉండదు. అందువల్ల ఈ విషయంలో చికిత్స లేదు, నివారణ ఒక్కటే మార్గం.

చలిలో ఇవ్వడం సాధ్యమై, పుచ్చుకోవడం ఎందుకు సాధ్యం కాదనే ప్రశ్న సహజం. బ్యాటరీ విద్యుత్తును ఇచ్చేటప్పుడు అయానులు గ్రాఫైటును వదిలి బయటికి వస్తాయి. అప్పుడు రుణ ధ్రువం మీద లోహం పేరుకొనే అవకాశం లేదు. అందువల్ల సున్నాకు దిగువన ఇరవై డిగ్రీల వరకు కూడా సాధారణంగా ఈ బ్యాటరీ నుంచి విద్యుత్తును తీసుకోవచ్చు. ఇచ్చే శక్తి కొంత తగ్గుతుంది గాని బ్యాటరీకి హాని కలగదు.

ఇక ఆల్టర్నేటర్ సంగతి చూడాలి. ఇంజనుకు బెల్టుతో బిగించిన ఈ యంత్రం తిరుగుతూ ఏకాంతర విద్యుత్తును పుట్టిస్తుంది. దానిలోని డయోడులు ఆ విద్యుత్తును బ్యాటరీకి పనికివచ్చే ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. రెగ్యులేటర్ అనే భాగం వోల్టేజీ సుమారు పద్నాలుగు వోల్టులు దాటకుండా కాపాడుతుంది. రెగ్యులేటరుకు తెలిసింది వోల్టేజీ మాత్రమే. బ్యాటరీ ఎంత చల్లగా ఉన్నదో సాధారణ రెగ్యులేటరుకు తెలియదు. ఎంత విద్యుత్తు ప్రవహిస్తున్నదో కూడా అది పట్టించుకోదు.

యాసిడ్ బ్యాటరీలో అంతర్గత నిరోధం ఎక్కువ. అది కొంత నిండగానే ప్రవాహం దానంతట అదే తగ్గుతుంది. లిథియం బ్యాటరీలో నిరోధం చాలా తక్కువ. అది ఇంచుమించు నిండేదాకా ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినదంతా లాక్కొంటుంది. ఉదాహరణకు నూరు ఆంపియర్ల ఆల్టర్నేటరుకు 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీని నేరుగా కలిపితే, ఖాళీ బ్యాటరీ నిండేవరకు సుమారు రెండు గంటలపాటు ఆల్టర్నేటర్ తన పూర్తి శక్తితో పనిచేయవలసి వస్తుంది. సాధారణ ఆల్టర్నేటర్ అంతటి నిరంతర శ్రమకు తయారైనది కాదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దాని పంకా గాలి కూడా చాలదు. లోపలి తీగచుట్టలు కాగిపోయి, చివరకు ఆల్టర్నేటరే కాలిపోవచ్చు. ఈ విధంగా చలిలో బ్యాటరీ, శ్రమలో ఆల్టర్నేటర్ రెండూ నష్టపోయే పరిస్థితి ఏర్పడుతుంది.

బ్యాటరీని రక్షించడానికి దాని లోపల బి.ఎం.ఎస్. అనే ఎలక్ట్రానిక్ కాపలా వ్యవస్థ ఉంటుంది. ఒక్కొక్క సెల్లు వోల్టేజీని అది గమనిస్తుంది. మేలురకపు బ్యాటరీలలో ఉష్ణోగ్రతను కూడా కొలుస్తుంది. సెల్లు మరీ చల్లబడినా, మరీ నిండినా ఆ వ్యవస్థ ఛార్జింగును వెంటనే ఆపివేస్తుంది. బ్యాటరీకి ఇది మేలే. అయితే ఆల్టర్నేటర్ వైపు నుంచి చూస్తే ఇందులోనూ ఒక చిక్కు ఉంది.

చెరువులు, కాలువలు ఎరిగిన తెలంగాణ రైతుకు ఈ చిక్కు ఇట్టే అర్థమవుతుంది. కాలువ నిండా నీరు ఉరకలు వేస్తూ చెరువులోకి పారుతున్నప్పుడు చెరువు ముఖద్వారాన్ని ఒక్కసారిగా మూసివేస్తే ఆ నీరు ఎక్కడికి పోతుంది? వెనుకకు ఎగదన్ని కాలువ గట్టును తెంచుతుంది. అదే రీతిలో ఆల్టర్నేటర్ నిండు వేగంతో విద్యుత్తును పంపుతున్నప్పుడు బ్యాటరీ హఠాత్తుగా తెగిపోతే, రెప్పపాటులో వోల్టేజీ ఎన్నో పదుల వోల్టులకు ఎగబాకుతుంది. ఆ ధాటికి డయోడులు మాడిపోతాయి. పడవలోని రేడియో, దిక్కులు చూపే పరికరాలు కూడా దెబ్బతినవచ్చు. నది నడుమ, సముద్రం మీద అటువంటి పరికరాలు మూగపోవడం ప్రాణాలకే ముప్పు. బ్యాటరీని కాపాడబోయి పడవను ప్రమాదంలోకి నెట్టినట్లవుతుంది.

చెరువుకు కట్ట, తూము, మత్తడి ఎలా ఏర్పాటు చేస్తారో, లిథియం బ్యాటరీకి కూడా అలాగే అంచెలంచెలుగా రక్షణ కల్పించాలి. వాటిలో ముఖ్యమైనవి అయిదు.

మొదటిది, ఆల్టర్నేటరును లిథియం బ్యాటరీకి నేరుగా కలపకపోవడం. ఇంజనును స్టార్టు చేయడానికి యాసిడ్ బ్యాటరీనే ఉంచి, ఆల్టర్నేటరును దానికే కలపాలి. యాసిడ్ బ్యాటరీకి, లిథియం బ్యాటరీకి మధ్య డీసీ–డీసీ ఛార్జరు అనే పరికరాన్ని అమర్చాలి. అది తూము వలె పనిచేస్తూ, నిర్ణయించిన మేరకే విద్యుత్తును వదులుతుంది. ముప్పై ఆంపియర్ల పరికరమైతే, సగం ఖాళీ అయిన 200 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. ఆలస్యమైనా ఆల్టర్నేటర్ చల్లగా ఉంటుంది. లిథియం బ్యాటరీ హఠాత్తుగా తెగిపోయినా యాసిడ్ బ్యాటరీ ఆల్టర్నేటరుకు అండగా నిలిచి ఉంటుంది. అధిక వోల్టేజీని అది మత్తడి వలె తనలోకి తీసుకొంటుంది.

రెండవది, తెలివైన రెగ్యులేటరును వాడడం. పెద్ద పడవలలో శక్తి అవసరం ఎక్కువ కాబట్టి నేరుగా ఛార్జి చేయక తప్పకపోవచ్చు. అప్పుడు ఆల్టర్నేటర్ వేడిని, బ్యాటరీ ఉష్ణోగ్రతను రెండింటినీ కొలిచే బయటి రెగ్యులేటరును అమర్చాలి. బి.ఎం.ఎస్. బ్యాటరీని తెంచివేసే ముందే ఈ రెగ్యులేటరుకు సంకేతం అందాలి. ఆ సంకేతం అందగానే రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ ఉత్పత్తిని నిలిపివేస్తుంది. కాలువలో నీటిని ముందు ఆపి, తరువాత తలుపు మూయడం వంటిది ఈ పద్ధతి.

మూడవది, ఉష్ణోగ్రతను సరైన చోట కొలవడం. ఉదయం ఎండ కాసి గాలి వెచ్చబడినంత మాత్రాన రాత్రంతా చలిలో ఉన్న బ్యాటరీ వెచ్చబడదు. బరువైన వస్తువు నెమ్మదిగా చల్లబడి, నెమ్మదిగానే వేడెక్కుతుంది. కాబట్టి ఉష్ణమాపకం గాలిలో కాక బ్యాటరీకి అంటి ఉండాలి.

నాలుగవది, బ్యాటరీని తగిన స్థానంలో ఉంచడం. నీటిపై తేలుతున్న పడవ అడుగుభాగం నీటి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. గడ్డకట్టని మంచినీరు సున్నా డిగ్రీలకు తగ్గదు. కాని ఒడ్డుకు చేర్చిన పడవ బయటి గాలి అంత చల్లబడుతుంది. ఇంజను పక్కన ఉంచితే చలి బాధ తీరుతుంది గాని వేసవిలో వేడి బాధ మొదలవుతుంది. అందువల్ల మనుషులు నివసించే గదిలో, వేడిని పోనివ్వని పెట్టెలో బ్యాటరీని ఉంచడం ఉత్తమం.

అయిదవది, ఛార్జి ఎక్కించే ముందు బ్యాటరీని వెచ్చబరచడం. ఇరవై కిలోల బ్యాటరీ సున్నాకు దిగువన పది డిగ్రీల వద్ద ఉన్నదనుకొందాం. దానిని సున్నాకు ఎగువన అయిదు డిగ్రీలకు తేవాలంటే పదిహేను డిగ్రీలు వేడిచేయాలి. కిలో బరువును ఒక డిగ్రీ పెంచడానికి సుమారు ఒక కిలోజౌల్ శక్తి కావాలి. ఆ లెక్కన మొత్తం 300 కిలోజౌళ్ళు అవసరం. నూరు వాట్ల హీటరు ఆ పనిని దాదాపు యాభై నిమిషాలలో చేస్తుంది. ఇది 200 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో నిలువ ఉండే మొత్తం శక్తిలో నాలుగు శాతం కూడా కాదు. చలిలో బ్యాటరీ విద్యుత్తును ఇవ్వగలదు కనుక, ఖాళీ కాని బ్యాటరీ తన శక్తిలో కొద్ది భాగంతో తానే వెచ్చబడి, ఆ తరువాత కొత్త శక్తిని స్వీకరించగలదు. ఇందుకోసమే కొన్ని బ్యాటరీలలో హీటర్లను ముందే అమర్చుతున్నారు.

చలిని తట్టుకొనే రకాలు కూడా లేకపోలేదు. రుణ ధ్రువంలో గ్రాఫైటుకు బదులు లిథియం టైటనేటును వాడితే లోహపు పూత పేరుకొనే ప్రమాదం చాలావరకు తొలగిపోతుంది. 2023 ఏప్రిల్‌లో కేరళలో ప్రారంభమైన కొచ్చి వాటర్ మెట్రో పడవలలో ఈ రకం బ్యాటరీలనే వాడారు. అక్కడ చలి లేదు. త్వరగా ఛార్జి పుచ్చుకొనే గుణం, దీర్ఘకాలం మన్నే గుణం వాటికి ఉండడమే అందుకు కారణం. అయితే ఒకే బరువులో అవి నిలువ చేసే శక్తి తక్కువ, వెల ఎక్కువ. ఏ మేలైనా కొంత వెల చెల్లించనిదే దొరకదు.

చలి గురించి చెప్పుకొన్న ఈ నీతి నల్లగొండ ఎండకూ వర్తిస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి సాధారణంగా ఛార్జి ఎక్కించదగిన పరిధి సున్నా నుంచి 45 డిగ్రీల వరకు. వడగాలులు వీచే మే నెలలో మూసిన రేకుల షెడ్డులోనో, ఎండలో నిలిపిన బండిలోనో ఉష్ణోగ్రత ఆ ఎగువ హద్దును సులభంగా దాటుతుంది. అధిక వేడి బ్యాటరీ ఆయుష్షును హరిస్తుంది. సికింద్రాబాదులో 2022 సెప్టెంబరు 12న విద్యుత్ స్కూటర్ల షోరూములో చెలరేగిన మంటల పొగ పైఅంతస్తుల లాడ్జిని కమ్మి ఎనిమిది మందిని బలిగొంది. విద్యుత్ వాహనాల బ్యాటరీలకు భద్రతా నిబంధనలను కేంద్ర ప్రభుత్వం ఆ ఏడాది డిసెంబరు నుంచి మరింత కఠినతరం చేసింది. కాని నిబంధన కర్మాగారం గడప వరకే కాపలా కాయగలదు. ఆ తరువాతి బాధ్యత వాడుకొనేవారిదే. ఎండలో తిరిగివచ్చిన వాహనాన్ని నీడలో కొంతసేపు చల్లారనిచ్చి, ఆ తరువాతనే ఛార్జికి పెట్టడం ఎవరైనా పాటించదగిన నియమం.

శక్తి ఉన్నంత మాత్రాన మేలు జరగదు. పుచ్చుకొనేదాని స్థితి తెలిసి, తగిన వేళలో, తగిన కొలతలో అందించినప్పుడే అది మేలవుతుంది. వాన ఎంత కురిసినా గట్టిబడిన నేలలోకి ఇంకదు. ముందుగా దున్ని నేలను గుల్లబరచిన రైతు పొలంలోనే ఆ వాన పంటగా మారుతుంది. బ్యాటరీని వెచ్చబరచి, ప్రవాహాన్ని అదుపులో ఉంచి ఛార్జి ఎక్కించడం కూడా అటువంటి వ్యవసాయమే. పాంగాంగ్ ఒడ్డున కాపలా కాసే సైనికుడైనా, కట్టంగూర్ రహదారి పక్కన బండి బాగుచేసే కార్మికుడైనా ఈ విషయం ఎరిగి మసలుకొంటే యంత్రమూ నిలుస్తుంది, దానిని నమ్ముకొన్న ప్రాణమూ నిలుస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

జంకు = వెనుదీయు, భయపడు
విద్యుద్విశ్లేష్యం = అయానులు ప్రయాణించడానికి వీలు కల్పించే పదార్థం
ఏకాంతర విద్యుత్తు = క్రమంగా దిశ మార్చుకొనే విద్యుత్తు
ఏకముఖ విద్యుత్తు = ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తు
నిరోధం = ప్రవాహాన్ని అడ్డగించే గుణం
తూము = చెరువు నీటిని కావలసిన మేరకు వదిలే మార్గం
మత్తడి = చెరువు నిండినప్పుడు అదనపు నీరు పొర్లిపోయే చోటు, అలుగు
గస్తీ = కాపలా తిరుగుట

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చలిలో లిథియం బ్యాటరీకి ఛార్జి ఎక్కించడం వల్ల కలిగే నష్టాన్ని వివరించండి.
2. ఆల్టర్నేటర్ నుంచి లిథియం బ్యాటరీని రక్షించే అయిదు మార్గాలను తెలపండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. లిథియం బ్యాటరీ చలిలో విద్యుత్తును ఇవ్వగలిగి, ఎందుకు పుచ్చుకోలేదు?
2. బ్యాటరీ హఠాత్తుగా తెగిపోతే ఆల్టర్నేటరుకు కలిగే ప్రమాదాన్ని పాఠంలో దేనితో పోల్చారు?
3. నల్లగొండ వేసవిలో బ్యాటరీ విషయంలో పాటించదగిన నియమమేమిటి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. లిథియం అయాన్ బ్యాటరీని రూపుదిద్దిన శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఏ సంవత్సరంలో లభించింది?
2. కొచ్చి వాటర్ మెట్రో పడవలలో వాడిన బ్యాటరీ రకమేది?
3. ఉష్ణమాపకాన్ని ఎక్కడ అమర్చాలి?

ఈ) సంధులు
ఉష్ణోగ్రత = ఉష్ణ + ఉగ్రత – గుణసంధి
ఒక్కొక్క = ఒక్క + ఒక్క – ఆమ్రేడిత సంధి

ఉ) సమాసాలు
రాత్రింబవళ్ళు = రాత్రియు, పగలును – ద్వంద్వ సమాసం
చెరువునీరు = చెరువు యొక్క నీరు – షష్ఠీ తత్పురుష సమాసం

ఊ) భాషాకృత్యం
మీ ఊరిలోని ఆటో లేదా ట్రాక్టరు మరమ్మతు చేసేవారిని కలిసి, బ్యాటరీ త్వరగా పాడవడానికి వారు చెప్పే కారణాలను అడిగి తెలుసుకోండి. వాటిని పాఠంలోని విషయాలతో పోలుస్తూ పది వాక్యాలలో రాయండి.